తక్కువ ధర జంట టవర్ల ప్రాసెసర్ కూలర్: మూల్యాంకన పద్ధతి

వ్యాససంగ్రహం

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని ప్రాసెసర్‌కు కూలర్ ఎంచుకొనేటప్పుడు పెట్టెపై ముద్రించిన వాట్ల సంఖ్య, ధర అనే రెండింటినే కొనుగోలుదారులు ఎక్కువగా చూస్తారు. కూలర్ సామర్థ్యాన్ని ఇవి తెలుపలేవు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకు పైన ఎన్ని డిగ్రీలు పెరిగింది, ఆ సమయంలో ప్రాసెసర్ ఎన్ని వాట్లు వాడింది, ఫ్యాన్లు ఎంత శబ్దం చేశాయి అనే మూడు కొలతలను కలిపి చూసినప్పుడే నిర్ణయం సాధ్యమవుతుంది. థర్మల్‌రైట్ సంస్థ తయారు చేసిన పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఇ అనే కూలర్‌ను ఉదాహరణగా తీసుకొని, ఈ పద్ధతిని తెలుగు ప్రాంతాల వేసవిని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రాసెసర్, కూలర్, హీట్ పైపు, ఉష్ణనిరోధం, గది ఉష్ణోగ్రత, టీడీపీ, ఫ్యాన్ శబ్దం.

1. ఉపోద్ఘాతం

పాత పత్రికల, గ్రంథాల స్కాన్ ప్రతులను అక్షరరూపంలోకి మార్చడం నేడు తెలుగు పరిశోధనలో ఒక భాగమైంది. టెసరాక్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిని గుర్తించగలదు. వందల పుటల సంపుటాలను వరుసగా దానికి అప్పగించినప్పుడు ప్రాసెసర్ గంటల తరబడి పూర్తి భారంతో పనిచేస్తుంది. వీడియోల కూర్పు, పెద్ద పదకోశాల విశ్లేషణ వంటి పనులకూ ఇదే వర్తిస్తుంది.

అటువంటి సమయంలో వేడి పరిమితిని తాకితే ప్రాసెసర్ కాలిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. నిజానికి అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఈ పరిమితి ఇంటెల్ కోర్ ఐ5-12400కు 100 డిగ్రీల సెల్సియస్. ఎఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89 డిగ్రీలు. వేగం తగ్గినట్లు తెరపై ఏ హెచ్చరికా కనిపించదు. రాత్రికి ముగియవలసిన పని తెల్లవారినా సాగుతూనే ఉంటుంది. లోపం ప్రాసెసర్‌దే అనుకొని మరింత శక్తిమంతమైనదాన్ని కొంటే వేడి ఇంకా పెరుగుతుంది, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. అందువల్ల కూలర్ ఎంపిక కేవలం ఆటలాడేవారికి, అభిరుచిపరులకు సంబంధించిన విషయం కాదు.

2. ‘కూలర్’ అనే మాట తెచ్చిన చిక్కు

తెలుగు ఇళ్లలో కూలర్ అనగానే వేసవిలో కిటికీ వద్ద పెట్టే నీటి కూలరే గుర్తుకు వస్తుంది. తడి గడ్డి గుండా గాలి వెళ్లేటప్పుడు నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని గ్రహిస్తుంది. అందువల్ల బయటకు వచ్చే గాలి గది గాలికన్నా చల్లగా ఉంటుంది. మట్టికుండలో నీరు చల్లబడేదీ ఈ సూత్రం వల్లనే.

ప్రాసెసర్ కూలర్‌కు అదే పేరున్నా అది గాలిని చల్లబరచదు. ప్రాసెసర్ వేడిని తీసుకొని గాలికి అప్పగించడం మాత్రమే దాని పని. కాబట్టి ఎంత ఖరీదైన గాలి కూలర్ అయినా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రతకన్నా కిందికి తీసుకురాలేదు. నీటి గొట్టాలతో వచ్చే లిక్విడ్ కూలర్లకు కూడా ఈ హద్దు ఉంది; అవీ చివరకు వేడిని గది గాలికే వదులుతాయి. ‘వేడిమోపరి’ వంటి పేరు ఏదైనా స్థిరపడి ఉంటే ఈ అపోహ పుట్టేది కాదేమో. వాడుకలో ఉన్నది కూలరే కనుక ఈ వ్యాసంలోనూ ఆ మాటే ఉంటుంది.

3. జంట టవర్ల నిర్మాణం

ప్రాసెసర్‌పై ఆనే లోహపు అడుగు, దాని నుంచి పైకి లేచే రాగి గొట్టాలు, ఆ గొట్టాలకు గుచ్చిన పలుచని అల్యూమినియం రేకుల దొంతర, రేకుల మధ్య గాలిని నడిపే ఫ్యాన్ ఈ కూలర్‌లోని ప్రధాన భాగాలు. రేకుల దొంతర ఒకటే ఉంటే సింగిల్ టవర్. రెండు ఎదురెదురుగా నిలిస్తే డ్యూయల్ టవర్. పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఇలో 6 మిల్లీమీటర్ల మందం గల గొట్టాలు ఆరు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు ఉన్నాయి. ప్రతి గొట్టమూ అడుగుభాగం వద్ద వంగి, ఒక కొస ఒక టవర్‌లోకి, మరొక కొస రెండో టవర్‌లోకి వెళుతుంది.

ఈ రాగి గొట్టాలే హీట్ పైపులు. చూడటానికి గట్టి కడ్డీల్లా ఉన్నా లోపల బోలుగా ఉంటాయి. గాలి తీసివేసి, కొద్దిపాటి నీరు ఉంచి రెండు కొసలనూ మూసివేస్తారు. లోపలి పీడనం చాలా తక్కువ కనుక నీరు 100 డిగ్రీలకన్నా ఎంతో ముందుగానే ఆవిరవుతుంది. ప్రాసెసర్ వద్ద వేడిని గ్రహించిన ఆవిరి క్షణంలో చల్లని కొసకు చేరి, అక్కడ నీరుగా మారుతూ ఆ వేడిని రేకులకు వదులుతుంది. ఇడ్లీ పాత్ర మూత లోపలివైపున నీటి బొట్లు కట్టడంలో జరిగేది ఇదే. అయితే మూతపై బొట్లు బరువుకు కిందికి జారుతాయి; హీట్ పైపు లోపలి గోడకు అంటి ఉన్న సన్నని రంధ్రాల రాగిపొర మాత్రం దీపపు వత్తి నూనెను పీల్చినట్లు నీటిని తిరిగి వేడి కొసకు లాగుతుంది. కుండలోని నీరు తరిగిపోతుంది, హీట్ పైపులోని నీరు తరగదు. ఈ ఊహకు తొలి పేటెంటును జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ గాగ్లర్ 1944లో పొందాడు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దాన్ని స్వతంత్రంగా నిర్మించి చూపిన తరువాతనే ఇది ప్రచారంలోకి వచ్చింది. అంతరిక్ష అవసరాల కోసం ఎదిగిన ఈ సాధనం నేడు బల్లకింది క్యాబినెట్‌లో ఉంది.

టవర్లు రెండైతే చల్లబరచే శక్తి రెట్టింపు అవుతుందా? కాదు. మొదటి టవర్‌ను దాటేసరికి గాలి కొంత వేడెక్కుతుంది. ఆ గాలే రెండో టవర్‌కు అందుతుంది కనుక అది మొదటిదాని అంత వేడిని వదలలేదు. దీనికితోడు మరో అడ్డంకి ప్రాసెసర్ లోపలనే ఉంది. రైజెన్ 7000 శ్రేణిలో గణన జరిగే సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. అంత చిన్న చోట పుట్టిన వేడి ముందుగా లోహపు మూతను దాటి పైకి రావాలి. ఆ దారిలోని ఇబ్బందిని ఏ కూలరూ తగ్గించలేదు. కూలర్ ధర మూడింతలైనా ఉష్ణోగ్రతలో తేడా కొద్ది డిగ్రీలకే పరిమితం కావడానికి ఇది ముఖ్య కారణం.

4. పెట్టెపై వాట్ల సంఖ్య

కూలర్ల పెట్టెలపై 200, 250 వాట్లు అంటూ కనిపించే సంఖ్యలకు తయారీదారులందరూ పాటించే ఉమ్మడి కొలత లేదు. ఏ గది ఉష్ణోగ్రత వద్ద, ఏ ప్రాసెసర్‌పై, ఎంత ఫ్యాన్ వేగంతో అన్నవి చెప్పకుండా ఇచ్చే సంఖ్యను మరొక సంస్థ సంఖ్యతో పోల్చడం నిష్ప్రయోజనం.

ప్రాసెసర్ వైపు సంఖ్య కూడా అంత సూటిగా లేదు. ఎఎండీ 65 వాట్ల టీడీపీ అని పేర్కొనే ఎఎం5 ప్రాసెసర్ 88 వాట్ల వరకు, 105 వాట్లది 142 వరకు, 170 వాట్లది 230 వరకు విద్యుత్తును తీసుకోగలదు. ఇంటెల్ కోర్ ఐ9-13900కె మూల శక్తి 125 వాట్లు, గరిష్ఠ టర్బో శక్తి 253 వాట్లు. కూలర్‌ను ఎంచుకొనేవారు చూడవలసినది రెండో సంఖ్యను. వాడిన ప్రతి వాటూ చివరకు వేడిగానే మారుతుంది.

5. కొలిచే విధానం

ప్రాసెసర్ 74 డిగ్రీలకు చేరిందన్న ఒక్క సమాచారంతో కూలర్ మంచిదో కాదో తేల్చలేము. గది 20 డిగ్రీల వద్ద ఉందా, 40 వద్ద ఉందా అన్నది తెలియాలి. అందుకే మొదట గది ఉష్ణోగ్రతను తీసివేయాలి. మిగిలిన పెరుగుదలను ప్రాసెసర్ వాడిన వాట్లతో భాగిస్తే ఉష్ణనిరోధం వస్తుంది. ఇది ఎంత తక్కువైతే అమరిక అంత మంచిది.

లెక్క స్పష్టతకు ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. గది 28 డిగ్రీలు, ప్రాసెసర్ వాడకం 142 వాట్లు, స్థిరపడిన ఉష్ణోగ్రత 74 డిగ్రీలు అనుకొందాం. పెరుగుదల 46 డిగ్రీలు. ఉష్ణనిరోధం వాటుకు సుమారు 0.32 డిగ్రీలు. అదే కంప్యూటర్‌ను మే నెలలో 41 డిగ్రీల గదిలో అదే పనికి పెడితే ప్రాసెసర్ 87 డిగ్రీలకు చేరుతుంది. క్యాబినెట్ లోపలి గాలి బయటి గాలికన్నా మరో 6 డిగ్రీలు వేడిగా ఉంటే 93. రైజెన్ 7000 శ్రేణిలోని చాలా ప్రాసెసర్ల పరిమితి 95 డిగ్రీలు. చలికాలంలో 21 డిగ్రీల మిగులు చూపిన కూలర్‌కు వేసవిలో మిగిలేది 2 డిగ్రీలే. శీతల దేశాల్లో, ఏసీ గదుల్లో చేసిన పరీక్షల ఫలితాలను కోస్తా ఆంధ్రకో తెలంగాణకో యథాతథంగా అన్వయించుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే. వాటిలోని పెరుగుదలను తీసుకొని, సొంత గది ఉష్ణోగ్రతను కలుపుకోవాలి.

పరీక్షలో మరి కొన్ని జాగ్రత్తలు అవసరం. లోహానికి వేడెక్కే వ్యవధి ఇవ్వాలి. రెండు నిమిషాల పరీక్ష కూలర్ బరువును కొలుస్తుంది తప్ప సామర్థ్యాన్ని కాదు. అంకె కదలకుండా నిలిచేవరకు, కనీసం అరగంట, భారం కొనసాగాలి. ఉచితంగా లభించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి సాఫ్ట్‌వేర్ ఉష్ణోగ్రతను, వాట్లను, వేగాన్ని ఒకేచోట చూపుతుంది. గదిలో సాధారణ థర్మామీటరును క్యాబినెట్ గాలి లోపలికి వెళ్లేవైపు ఉంచితే చాలు.

రైజెన్ 9 7950ఎక్స్ వంటి ప్రాసెసర్ల విషయంలో మరొక మెలిక ఉంది. పూర్తి భారం కింద 95 డిగ్రీలను చేరేవరకు వేగాన్ని పెంచుకొనేలా అవి రూపొందాయి. కూలర్ మెరుగైతే ఉష్ణోగ్రత తగ్గదు, వేగం పెరుగుతుంది. చౌక కూలర్‌తోనూ ఖరీదైన కూలర్‌తోనూ 95 కనిపించగానే రెండూ సమానమని భావించడం పొరపాటు. అక్కడ వాట్ల వాడకాన్ని, వేగాన్ని పోల్చాలి.

6. శబ్దం

ఫ్యాన్ వేగాన్ని పెంచి ఏ కూలర్‌నైనా కొన్ని డిగ్రీలు మెరుగ్గా చూపవచ్చు. కాబట్టి రెండు కూలర్లను సమాన శబ్దం వద్ద పోల్చడమే న్యాయం. ఫ్యాన్ వేగాన్ని 20 శాతం తగ్గిస్తే శబ్దం దాదాపు 5 డెసిబెల్స్ తగ్గుతుంది; ఉష్ణోగ్రత మాత్రం అంత వేగంగా పెరగదు. జంట టవర్ల అసలు ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. రేకుల వైశాల్యం ఎక్కువ కనుక నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లతోనే పని జరుగుతుంది. పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఇ ఫ్యాన్ల గరిష్ఠ వేగం నిమిషానికి 1550 భ్రమణాలు. తయారీదారు ప్రకటించిన శబ్దం 25.6 డెసిబెల్స్. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండగా ఈ తేడాలు చెవికి ఆనవు. నిశ్శబ్దంగా ఉండే గదిలో పాఠాలను రికార్డు చేసేవారికి మాత్రం ఇవి ముఖ్యమవుతాయి.

7. ధరలోని తేడా

ఆస్ట్రియాకు చెందిన నాక్చువా సంస్థ 2014లో విడుదల చేసిన ఎన్‌హెచ్-డీ15 జంట టవర్ల కూలర్లకు చాలాకాలం కొలమానంగా నిలిచింది. దానిలోనూ హీట్ పైపులు ఆరే. ఫ్యాన్లు మాత్రం 140 మిల్లీమీటర్లవి. అమెరికా విపణిలో దాని ధర 100 డాలర్లకు పైబడి ఉండగా, పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఇ 35 డాలర్ల సమీపంలో లభిస్తూ వచ్చింది.

మిగిలిన సొమ్ము దేనికి? నాక్చువా ఆరేళ్ల వారంటీ ఇస్తుంది. కొత్త సాకెట్లు వచ్చినప్పుడు, కొనుగోలు రుజువు చూపినవారికి బిగింపు సామగ్రిని ఉచితంగా పంపుతుంది. ఫ్యాన్ల నాణ్యత, ఏళ్ల తరబడి ఒకే తీరుగా తిరిగే గుణం కూడా ఆ ధరలో చేరి ఉన్నాయి. తక్కువ ధర కూలర్‌లో పొదుపు జరిగేది ముఖ్యంగా ఇటువంటి చోట్లనే. హీట్ పైపులకు, రేకులకు అరుగుదల లేదు. చెడిపోయేది ఫ్యానే. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ సాధారణ దుకాణంలోనూ దొరుకుతుంది కనుక మూడు నాలుగేళ్ల తరువాత దాన్ని మార్చినా మొత్తం ఖర్చు సగానికి మించదు. పంపు చెడితే మొత్తం పక్కన పెట్టవలసి వచ్చే లిక్విడ్ కూలర్‌తో పోల్చినప్పుడు, సర్వీసు కేంద్రాలు దూరంగా ఉండే చిన్న పట్టణాలవారికి ఇది గణనీయమైన అనుకూలత.

అయినా ఇది అందరికీ అవసరం కాదు. రైజెన్ 5 7600, కోర్ ఐ5-12400 ప్రాసెసర్ల పెట్టెల్లో కూలర్ కలిసే వస్తుంది. ఉత్తరాలు, వ్యాసాలు టైపు చేసుకొనే వ్యక్తికి అది చాలు. మరో కొసన, 253 వాట్ల ప్రాసెసర్‌ను వేసవిలో గంటల తరబడి పూర్తి భారంతో నడపాలంటే ఈ కూలర్ చాలదు. అప్పుడు పెద్ద కూలర్ కొనే ముందు బయోస్‌లో విద్యుత్ పరిమితిని తగ్గించి చూడటం మంచిది. చివరి కొద్ది శాతం వేగం కోసమే ఈ ప్రాసెసర్లు ఎన్నో వాట్లను అదనంగా వాడతాయి. రైజెన్ 9 7950ఎక్స్‌కు ఎకో మోడ్ పేరుతో ఈ వెసులుబాటును ఎఎండీయే కల్పించింది. ఈ రెండు కొసల నడుమ ఉన్న 88 నుంచి 142 వాట్ల ప్రాసెసర్లకు తక్కువ ధర జంట టవర్ల కూలర్ సరిగ్గా సరిపోతుంది.

8. అమరిక, దుమ్ము

ఈ కూలర్ ఎత్తు 155 మిల్లీమీటర్లు. క్యాబినెట్ వివరాల్లో కూలర్‌కు అనుమతించే ఎత్తును చూడకుండా కొంటే పక్కతలుపు మూతపడదు. ఎత్తైన ర్యామ్ ఉంటే ముందు ఫ్యాన్‌ను కొంత పైకి జరపాలి. అప్పుడు మొత్తం ఎత్తు ఇంకా పెరుగుతుంది. అడుగుభాగంపై ఉండే పలుచని ప్లాస్టిక్ పొరను ఒలవకుండానే బిగించడం అరుదైన పొరపాటేమీ కాదు. రెండు ఫ్యాన్లూ గాలిని ఒకేవైపు, క్యాబినెట్ వెనుకకు నెట్టేలా ఉండాలి.

కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో రేకుల మధ్య దుమ్ము కొన్ని నెలల్లోనే పేరుకొంటుంది. జంట టవర్లలో రెండో ఫ్యాన్ నడుమ దాగి ఉండటం వల్ల అక్కడి దుమ్ము పైనుంచి కనిపించదు. తీగ కొక్కేన్ని విప్పి ఫ్యాన్‌ను పైకి తీయాలి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకొని ఉంచాలి. కొన్ననాడు 5వ విభాగంలోని పద్ధతిలో ఉష్ణనిరోధాన్ని కొలిచి రాసి ఉంచుకొన్నవారు, ఏటా మార్చి నెలలో శుభ్రపరిచాక మళ్లీ కొలవవచ్చు. 0.32 వచ్చినచోట 0.40 వస్తే థర్మల్ పేస్ట్ ఎండిపోవడమో, బిగింపు వదులు కావడమో, ఒక ఫ్యాన్ ఆగిపోవడమో జరిగి ఉంటుంది. ఎండలు ముదరకముందే దాన్ని సరిచేసుకోవడానికి రెండు నెలల వ్యవధి ఉంటుంది.