స్లైడులో ఎక్సెల్ పట్టిక: వచ్చు చిక్కులు, సవరించు విధము

ఈ రోజులలో గ్రామమున ఏ సభ జరిగినను గోడకు తెర, బల్లపై ప్రొజెక్టరు కనబడుచున్నవి. సార్వా నాట్ల విస్తీర్ణము గాని, కాలువ వంతుల వివరము గాని, ఈ-పంట నమోదు గాని, పంటనష్టపు జాబితా గాని ముందుగా ఎక్సెల్‌లో తయారుచేసి, ఆ పట్టికను పవర్‌పాయింటు స్లైడులో చేర్చి చూపుట వాడుకయైనది. ఈ పని గ్రామ వ్యవసాయ సహాయకులు, రెవెన్యూ సిబ్బంది చేయుచున్నారు. నీటి సంఘముల వారు, చదువుకొన్న యువరైతులు కూడ చేయుచున్నారు. చేర్చుట సులభమే. చేర్చిన పట్టిక సభలో సరిగా కనబడుట మాత్రము అంత సులభము కాదు. ఆఫీసులో చక్కగా కనబడినది ఊరిలో సగమే కనబడును. లేదా పాత అంకెలు చూపును. లేదా ఎంత నొక్కినను తెరచుకొనదు.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. నాకును ఒకప్పుడు అట్లే తోచినది.

2024 సెప్టెంబరు మొదటివారములో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు మునిగిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినది. లంకభూములలోని పసుపు, కంద, అరటి తోటలు, పల్లపు వరిచేలు నీటిలో నిలిచినవి. పంట 33 శాతమునకు తక్కువ కాకుండ దెబ్బతినిన చేలను లెక్కించి, రైతుల పేర్లతో జాబితా వ్రాసి, అభ్యంతరముల కొరకు గ్రామములో ప్రకటించవలెను. జాబితాలో పేరు లేనివానికి పెట్టుబడి రాయితీ అందదు. అట్టి జాబితా ఒకటి నేను ఒక గ్రామసభలో చూపితిని. సభకు ముందురోజు సాయంత్రము మా సహాయకుడు మరల చేలు తిరిగి, మొదట విడిచిపోయిన పేర్లు పట్టుకొని వచ్చెను. రాత్రి కూర్చుండి ఎక్సెల్ పట్టికలో అన్నియు ఎక్కించితిని. ఉదయము పవర్‌పాయింటు ఫైలును పెన్‌డ్రైవులో వేసుకొని బయలుదేరితిని. సభలో ఫైలు తెరువగా ఏదో ప్రశ్న వచ్చినది. తొందరలో 'క్యాన్సిల్' నొక్కితిని. గోడమీద పాత జాబితాయే పడినది.

వెనుక వరుసలోని ఒక పెద్దాయన లేచి, "ఏవో గారూ, నా ఎకరం డెబ్బై సెంట్లు ఏట్లో కలిసిందా, మీ గోడమీంచి జారిపోయిందా?" అని అడిగెను. సభ నవ్వినది. తరువాత నవ్వు ఆగిపోయి, పేరు కనబడనివారందరు ఒక్కసారి లేచిరి. కొత్త జాబితా కాగితము సహాయకుని సంచిలో నుండుటచేత ఆనాటికి గండము గడచినది.

తప్పు కంప్యూటరుది కాదు. స్లైడులో నేను పెట్టినది పట్టిక కాదు, పట్టిక ఉన్న చోటు మాత్రమే. ఈ భేదము తెలిసినచో చిక్కులలో ముప్పాతిక భాగము విడిపోవును. కనుక దీనిని కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

పూర్వము కరణము వద్ద అడంగలు లెక్క ఉండెడిది. (కరణముల ఉద్యోగములు 1984లో రద్దయినవి, అడంగలు మాత్రము కంప్యూటరులోనికి వచ్చినది.) ఆ లెక్కలోని ఒక పుటను తహసీలుదారునకు చూపవలెనన్న మూడు మార్గములు. ఆ పుటకు ఫొటో తీసి పంపవచ్చును. అడంగలు పుస్తకమంతటికి నకలు వ్రాయించి, కావలసిన పుట తెరచి పంపవచ్చును. లేదా "ఫలానా కరణము గారి ఇంటిలో, ఫలానా పెట్టెలో అడంగలు ఉన్నది, చూచుకొనుడు" అని చీటి వ్రాయవచ్చును. స్లైడులోనికి పట్టిక వచ్చు ముఖ్య మార్గములును ఈ మూడే. మొదటిది బొమ్మగా అతికించుట. రెండవది పొదుగుట, దీనినే 'ఎంబెడ్' అందురు. మూడవది లంకె, అనగా 'లింక్'. ఎక్సెల్‌లో కాపీ చేసి, పవర్‌పాయింటులో 'పేస్ట్ స్పెషల్' తెరచినచో మూడును కనబడును. 'పిక్చర్' అన్నచో బొమ్మ. 'పేస్ట్' అను గుర్తు ఉంచి 'మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ వర్క్‌షీట్ ఆబ్జెక్ట్' ఎన్నుకొన్నచో పొదుగుట. ప్రక్కనున్న 'పేస్ట్ లింక్' గుర్తు పెట్టినచో లంకె. తెరమీద మూడును ఒకే విధముగా కనబడుటయే అసలు చిక్కు.

మీ ఫైలులో ఏది ఉన్నదో తెలియనిచో పట్టికపై రెండుసార్లు నొక్కి చూడుడు. ఎక్సెల్ తెరచుకొననిచో అది సాధారణముగా బొమ్మ. స్లైడులోనే గళ్ళు, ఎక్సెల్ మెనూలు వచ్చినచో పొదిగినది. వేరొక కిటికీలో అసలు ఎక్సెల్ ఫైలే తెరచుకొన్నచో లంకె.

లంకె వేసినవారికి వచ్చు బాధ నాకు వచ్చినదే. లంకె చీటిలో ఫైలు పేరు మాత్రమే కాక, అది ఏ కంప్యూటరులో, ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో ఉన్నదో పూర్తి విలాసము ఉండును. ఫైలు పేరు మార్చినను, షీటు పేరు మార్చినను, పెన్‌డ్రైవు ఒకచోట 'ఇ' అనియు మరొకచోట 'ఎఫ్' అనియు పిలువబడినను చీటి పనిచేయదు. అప్పుడు పవర్‌పాయింటు చివరిసారి చూచిన బొమ్మనే చూపుచు ఊరకుండును. ఇదియే ప్రమాదము: ఖాళీ గడి చూపినచో మనము మేలుకొందుము, పాత అంకె చూపినచో నమ్ముదుము.

దీనికి చేయవలసినది ఇది. ఎక్సెల్ ఫైలును, పవర్‌పాయింటు ఫైలును రెంటిని వెంట తీసుకొనిపోవలెను. సభ జరుగు కంప్యూటరులో వాటిని వేసిన తరువాత పవర్‌పాయింటులో 'ఫైల్' తెరచి, 'ఇన్ఫో' పుటలో క్రింద కుడివైపున ఉన్న 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' నొక్కవలెను. లంకెల పట్టీ వచ్చును. 'చేంజ్ సోర్స్' నొక్కి ఎక్సెల్ ఫైలు ఇప్పుడున్న చోటు చూపి, 'అప్‌డేట్ నౌ' నొక్కవలెను. ఫైలు తెరచునప్పుడు లంకెలు సరిచూడవలెనా అని అడిగినచో, మీ సొంత ఫైలైన యెడల 'అప్‌డేట్ లింక్స్' అనుడు. నావలె 'క్యాన్సిల్' అనకుడు. ఎవరో పంపిన తెలియని ఫైలైనచో మాత్రము 'క్యాన్సిల్' అనుటయే మేలు.

ఇంకొక సంగతి. లంకె మీరు కాపీ చేసిన గడుల వరకే చూచును. పన్నెండు వరుసలు కాపీ చేసి, తరువాత క్రింద నాలుగు పేర్లు చేర్చినచో ఆ నాలుగు స్లైడులోనికి రావు. వరుసలు పెరిగినప్పుడెల్ల మరల కాపీ చేసి అతికించవలసినదే.

నా అనుభవములో గ్రామసభకు లంకె తగదు. ప్రతివారము అంకెలు మారుచు, ఒకే కంప్యూటరులో ఒకే ఫోల్డరులో ఉండు మండల నివేదికలకు అది మంచిది.

పొదిగినచో ఈ బాధ లేదు. పుస్తకము ఫైలులోనే ఉండును. కాని వేరొక బాధ కలదు. జాబితాలో నలుబది పేర్లుండగా స్లైడులో పదియే కనబడును. పట్టిక అంచు పట్టి లాగినచో అక్షరములు సాగును గాని, ఒక్క పేరు పెరగదు. పొదిగిన పట్టిక ఒక కిటికీ వంటిది. బయటనుండి లాగుట అద్దమును సాగదీయుటయే. కిటికీ వెడల్పు చేయవలెనన్న లోపలికి పోవలెను. పట్టికపై రెండుసార్లు నొక్కి, ఎక్సెల్ మెనూలు వచ్చిన తరువాత, గళ్ళ చుట్టునున్న నల్లని గుర్తులను పట్టి క్రిందికి, ప్రక్కకు లాగుడు. కావలసిన మొదటి గడి ఎడమ మూలకు వచ్చునట్లు జరిపి, పట్టికకు బయట ఒకసారి నొక్కుడు. అప్పుడు సరిగా కనబడును. బయటకు వచ్చునప్పుడు ఏ షీటు ముందుండునో ఆ షీటే స్లైడులో నిలుచును. చూచుటకని రెండవ షీటు తెరచి అట్లే వచ్చివేసినచో, సభలో వరి విస్తీర్ణమునకు బదులు మినుము విస్తీర్ణము దర్శనమిచ్చును.

నలుబది పేర్లను ఒకే స్లైడులో ఇరికించుట కూడ పనికిరాదు. వెనుక కూర్చున్న వృద్ధులకు అది చీమలబారు. పది, పన్నెండు పేర్లకు ఒక స్లైడు చేయుడు. అయితే పొదిగిన స్లైడును నకలు తీసి నాలుగు చేసినచో పుస్తకములును నాలుగగును. ఒకదానిలో దిద్దినది మిగిలిన మూడింటిలో దిద్దబడదు. దిద్దుబాటు అంతయు అసలు ఎక్సెల్ ఫైలులో ముగించి, చివరనే స్లైడులు చేయుట మంచిది.

పొదిగిన పట్టికపై నొక్కినను తెరచుకొనక, సర్వర్ అప్లికేషను దొరకలేదని ఆంగ్లములో సందేశము వచ్చుట కలదు. ముందుగా ఆ కంప్యూటరులో ఎక్సెల్ ఉన్నదా అని చూడుడు. ఉన్నచో, వెనుక ఎక్కడనో ఎక్సెల్ తెరచి, ఒక గడిలో కర్సరు మినుకుమినుకుమనుచుండవచ్చును. ఆ గడిలో వ్రాత ముగించువరకు ఎక్సెల్ ఎవరికిని బదులు చెప్పదు. అన్నియు మూసి మరల తెరువుడు. అప్పటికిని కానిచో, ఎక్సెల్‌లో 'ఫైల్', 'ఆప్షన్స్', 'అడ్వాన్స్‌డ్' తెరచి, క్రిందనున్న 'జనరల్' భాగములో 'ఇగ్నోర్ అదర్ అప్లికేషన్స్' అని మొదలగు గడిలో టిక్కు ఉన్నచో తీసివేయుడు. వాట్సాప్‌లోనో మెయిలులోనో వచ్చిన ఫైలైనచో పైన పసుపు పట్టీ వచ్చును. పంపినవారు తెలిసినవారైనచో 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కినగాని పట్టిక కదలదు.

తెలుగు అక్షరములు గజిబిజియగుటకు కారణము సాధారణముగా అను ఫాంట్లు. అవి లేని కంప్యూటరులో రైతు పేరు ఇంగ్లీషు గుర్తుల కుప్పయగును. గౌతమి, నిర్మల వంటి యూనికోడ్ అక్షరములలో వ్రాసిన ఈ బాధ ఉండదు.

ఎకరములు, సెంట్ల విషయములో మాత్రము ఎక్కువ జాగ్రత్త వలయును. ఎకరము ఏబది సెంట్లను 1.50 అని వ్రాసినచో ఎక్సెల్ చివరి సున్న తీసి 1.5 అని చూపును. తెరమీద దానిని రైతు ఎకరము ఐదు సెంట్లని చదువుకొనును. అట్లు చదువుకొనుట అతని తప్పు కాదు. 'ఫార్మాట్ సెల్స్'లో 'నంబర్' ఎన్నుకొని, చుక్క తరువాత రెండు అంకెలు చూపునట్లు చేయుడు. సర్వే నంబరు 12/3 అని కొట్టినచో అది తేదీగా మారిపోవును. కొట్టుటకు ముందే ఆ వరుసను 'టెక్స్ట్'గా మార్చవలెను; తేదీగా మారినదానిని మరల కొట్టుట తప్ప మార్గము లేదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనది. పొదుగుటయనగా పుస్తకమంతయు నకలు అని పైన వ్రాసితిని. స్లైడులో మీరు చూపునది పేరు, విస్తీర్ణము మాత్రమే కావచ్చును. కాని ఆ పుస్తకములోని రెండవ షీటులో బ్యాంకు ఖాతాలు, ఆధార్ నంబర్లు, ఫోను నంబర్లు ఉన్నచో అవియు స్లైడుతో వచ్చును. సభ ముగిసిన పిమ్మట "ఆ ఫైలు గ్రూపులో పెట్టండి సారూ" అని అడిగినచో మంచితనముతో పెట్టుదుము. అంతట ఎవరైనను పట్టికపై రెండుసార్లు నొక్కి ఊరందరి ఖాతా నంబర్లు చూడవచ్చును. షీటును దాచుట, పట్టికను కత్తిరించుట, పైన తెల్లని గడి అతికించుట రక్షణ కావు; దాచిన షీటును 'అన్‌హైడ్' అను ఒక్క మాటతో తీయవచ్చును. ఆధార్ నంబర్లను బహిరంగముగా ప్రకటించుటను 2016 నాటి ఆధార్ చట్టము నిషేధించినది. చట్టము మాట అటుండ, ఖాతా నంబరు, ఫోను నంబరు రెండును చేతబట్టి బ్యాంకు వారమని ఫోనుచేయు మోసగాండ్రకు పెట్టుబడి రాయితీ పడు సమయమే పండుగ.

కావున కావలసిన వరుసలను మాత్రమే కాపీ చేసి, కొత్త ఎక్సెల్ ఫైలులో 'వాల్యూస్'గా అతికించి, అక్కడనుండి స్లైడునకు తీసుకొనుడు. గ్రామసభ జాబితాకు బొమ్మగా అతికించుట ఇంకను మేలు: తెగదు, మారదు, ఫోనులో కూడ అట్లే కనబడును, వెనుక పుస్తకము ఉండదు. దిద్దుబాటు వచ్చినప్పుడు బొమ్మ తీసి కొత్త బొమ్మ పెట్టుట ఒక్కటే శ్రమ. అందుకే స్లైడు మూలలో పట్టిక తయారైన తేదీ, గంట వ్రాయుడు. గ్రూపునకు పంపవలసి వచ్చినచో పవర్‌పాయింటు ఫైలు పంపక, దానిని పీడీఎఫ్‌గా భద్రపరచి పంపుడు. ఇదివరకే పంపియున్న ఫైలులో ఖాతా నంబర్లున్నట్లు తెలిసినచో, గ్రూపులో అందరికీ తొలగించి, ఎవరి వివరములు బయటపడెనో వారికి ఆ దినముననే చెప్పవలెను.

రైతులు కూడ ఒక పని చేయవచ్చును. తెరమీద మీ పేరు కనబడనిచో, అది జాబితాలో లేదా, స్లైడులో తెగినదా అని అచ్చటనే అడుగుడు. అసలు ఎక్సెల్ ఫైలు తెరచి వెదకి చూపుమని కోరుడు. 'కంట్రోల్' మీటతో 'ఎఫ్' నొక్కి సర్వే నంబరు కొట్టినచో క్షణములో తెలియును. నిజముగా లేనిచో అభ్యంతరము వ్రాతమూలముగా ఇచ్చి, రసీదు తీసుకొనుడు. సిబ్బంది జాబితా కాగితపు ప్రతిని రెండు సెట్లు వెంట ఉంచుకొనవలెను. తుపాను దినములలో మన ఊళ్ళలో కరెంటు ఎప్పుడు పోవునో తెలియదు.