పెరటి కోళ్ళ శత్రువులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో వానలు నమ్మరానివి. వేరుసెనగ పండని ఏట గుడ్లు, పుంజులు అమ్ముకొనే బీదకుటుంబానికి ఒక పెట్ట పోవటం చిన్న నష్టం కాదు.

దొంగ ఎవరో గుర్తించటానికి ముందు వేళను గమనించవలెను. గద్ద, కాకి, ముంగిస పగలు వస్తవి. అడవిపిల్లి, నక్క ఎక్కువగా మునిమాపు మొదలు తెల్లవారే వరకు తిరుగుతవి.

పగటివేళ కోడి ఏమంత అమాయకమైనది కాదు. ఆకాశాన గద్ద కనిపిస్తే పుంజు సన్నగా, దీర్ఘంగా కూస్తుంది. నేలమీద కుక్కనో పిల్లినో చూస్తే గట్టిగా, ఆగి ఆగి అరుస్తుంది. పెట్టలకు ఈ రెండు కూతల తేడా తెలుసు. మొదటి కూత వినగానే పొద క్రింద దూరుతవి. రెండవది వింటే మెడ నిక్కించి చుట్టూ చూస్తవి. అందుచేత పెరటిలో నాలుగు పొదలు, ఒక కంప కుప్ప ఉండటం మంచిది.

చీకటిపడితే ఈ విద్య పనికిరాదు. కోడికి రాత్రి చూపు బహు తక్కువ. వెదురుగంప బోర్లించి మూయటం పాత వాడుకే కాని, తేలిక గంపను కుక్క సులభంగా తోసివేస్తుంది. ఈ సీమలో రాతిబండలకు కొదవలేదు గనుక వాటితోనే గూడు కట్టవచ్చు. గాలి వచ్చేచోట అరంగుళం కన్నుల ఇనుపవల బిగించవలెను. నేల మెత్తనిదైతే వల అంచును జానెడు లోతున పాతవలెను. లేకుంటే త్రవ్వుకొని వస్తవి.

విషపుటెర మాత్రం పెట్టరాదు. దానిని ముందుగా తినేది ఇంటికుక్కే కావచ్చు. ముంగిస, అడవిపిల్లి చేలలోని ఎలుకలను తింటవి. వాటిని చంపటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

పొద్దుగూకక మునుపే కోళ్ళను లెక్కించి గూటిలో మూయవలెను. బాగా వెలుగు వచ్చిన తరువాతనే తలుపు తీయవలెను.