మా గేదెలు – ఏడాది పని

ఉయ్యూరు చుట్టుపట్ల గ్రామములనుండి బడికి వచ్చు బాలబాలికలలో తెల్లవాఱుజామున లేచి, పాలకేంద్రమున పాలు పోసి, పిమ్మట పుస్తకములు చేతబట్టువారు కొందఱు గలరు. మేమును అట్టివారమే. మా యింట మూడు గేదెలు, ఒక చూడిపడ్డ, రెండు దూడలు నున్నవి. పట్టణమునందలి మిత్రులు "పాడి యనగా రెండు పూటల పాలు పితుకుటయే గదా" యని మమ్ము అడుగుచుందురు. పితుకుటకు పట్టునది పూటకు అరగంట. తక్కిన పని యెట్టిదో మాకు తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

పాడివానికి సంవత్సరము కాలువనీటితో మొదలగును. 1855లో విజయవాడవద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. అచ్చటినుండి వచ్చు నీరే మా వరిని, చెఱకును, వానిమూలముగ మా గేదెలను పోషించుచున్నది. మృగశిరకార్తెలో నాలుగు చినుకులు పడి గట్లపై లేతగడ్డి మొలవగానే గేదెలు పలుపులు తెంపుకొనునంత ఆత్రపడును. కాని నెలల తరబడి ఎండుగడ్డి తిన్న కడుపునకు ఒక్కసారిగ పచ్చిగడ్డి పెట్టిన పారుడు పట్టును. అందుచే తొలిదినములలో వరిగడ్డి కలిపియే వేయవలెను.

తొలకరికి ముందే చేయవలసిన పని యింకొకటి గలదు. అది గురకవ్యాధికి టీకా. ఈ వ్యాధిని సూక్ష్మజీవి కలిగించును. తడి, చలిగాలి, అలసట కలిసి పశువు నీరసించిన వేళ అది విజృంభించును. జ్వరము, గొంతువాపు, గురక పెట్టు శ్వాస దీని గుఱుతులు. ఒక యేడు నాట్లపనులలో మునిగి "వచ్చే వారము వేయింతము" అని మేమే జాగుచేసితిమి. ఉదయము మేత మానిన గేదె మఱునాటి ప్రొద్దుటికి లేదు. వైద్యుడు వచ్చునప్పటికి మా నాయనగారు పలుపు విప్పి చేత పట్టుకొని కూర్చుండి యుండిరి. ఆ గేదె పాలు అప్పటికి రోజునకు ఆఱు లీటర్లు. ఆనాటినుండి మా యింటి గోడపై టీకా వేయించిన తేదీ బొగ్గుతో వ్రాసి యుండును.

గేదెలు ఎక్కువగ వానకాలము నడుమనుండి శీతకాలమువఱకు ఈనును. ఈనిన తొలి దినముల జున్నుపాలు ఇరుగుపొరుగులకు పంచుట మా ప్రాంతపు మర్యాద. అయితే దూడకు మొదట కడుపునిండ త్రాగనిచ్చిన పిదపనే ఆ మర్యాద. దూడకు రోగముల నెదుర్కొను శక్తి ఆ పాలనుండియే కలుగును. పుట్టిన తొలి గంటలు దాటినకొలది దాని ప్రేగులు ఆ శక్తిని గ్రహింపజాలవు.

పితుకుట స్వల్పమైన పనియే కాని దానిలోను తెలియవలసిన విషయ మున్నది. దూడ మూతి తగిలినను, అలవాటైన చేయి పొదుగును నిమిరినను, గేదె మెదడునుండి ఆక్సిటోసిన్ అను ద్రవ్యము రక్తమున చేరి పాలను క్రిందికి దింపును. దీనినే మనము చేపుట అందుము. ఆ ప్రభావము కొలది నిమిషములే యుండును. క్రొత్తవారు వచ్చి కేకలు వేసినను, కొట్టినను గేదె చేపదు. మొదటి పాలు పలుచన, కడపటి పాలు చిక్కన. వెన్నకణములు పొదుగునందలి సన్నని గదులలో చిక్కుకొని చివరకు గాని దిగవు. కేంద్రమున వెన్నశాతమును బట్టి ధర కట్టుదురు గనుక తొందరపడి సగములో లేచినవానికి రెండు విధముల నష్టము.

కార్తికమాసమున తుపానుల భయము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులతోపాటు పశువులును నశించినవి. తుపాను కబురు వినినంతనే మా తాతగారు ముందుగ పాకలోనికి పోయి పలుపుల ముడులు తడిమి చూచెడివారు. అవసరమైన క్షణమున విప్పుటకు వీలుగ నుండవలెనని వారి పట్టు.

వరికోతలు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడు గడ్డి వాము వేయవలెను. పెద్దగేదె రోజునకు ఆఱేడు కిలోల గడ్డి తినును. మూడింటికి ఏడాదికి ఎంత యగునో లెక్కలలో చురుకైనవారు కట్టి చూడవచ్చును. పూర్వము కోతకు రెండుమూడు దినముల ముందు చేనిలో పిల్లిపెసర చల్లెడివారు. పదునలోనే మొలచి అది పశువుకు మాంసకృత్తులు గల మేత యయ్యెడిది. దాని వేళ్ల బుడిపెలు నేలకును బలము నిచ్చెడివి. ఇప్పుడు మినుము అమ్ముడుపోవును గనుక చాలమంది మినుమే చల్లుచున్నారు. కోతయంత్రము వచ్చిన పిదప గడ్డి ముక్కలై పొలమంతట చెదరును. దానిని ఏరి కట్టలు కట్టించుట వేఱొక ఖర్చు. యంత్రమును నిందింపలేము, కూలీలు దొరకుట లేదు. చెఱకు నఱకు దినములలో పైయాకు మోపులు దొరకుట మా యుయ్యూరు ప్రాంతమున నొక యుపకారము.

ఈ చలిదినములలోనే గేదె ఎదకు వచ్చుటను కనిపెట్టవలెను. ఆవువలె అది అంతగ అరవదు. ఒకసారి తప్పిన ఇరువదియొక్క దినములు ఆగవలెను. రెండుమూడు మార్లు తప్పిన వేసవి వచ్చును, వేసవిలో ఆ గుఱుతులు మఱింత మఱుగుపడును. చూలు పదినెలలు. అనగా పుష్యమున ఏమఱినవానికి మఱుసటి కార్తికమున పాలుండవు.

వేసవి కష్టకాలము. గేదె చర్మము నల్లనిది, చెమటగ్రంథులు తక్కువ. నీటిలో మునిగిగాని ఒడలు చల్లార్చుకొనలేదు. కాలువలు కట్టివేసినప్పుడు బోరునీరు బక్కెటలతో పోయవలసినదే. మజ్జిగకు గిరాకి హెచ్చు కాలమున పాలు తగ్గుట ఇందువలననే. వట్టిపోయిన గేదెను ఉంచుకొందుమా, అమ్ముదుమా అను మాట ప్రతి వేసవియందును మా యింట పుట్టును. ఉంచిన గడ్డి చాలదు. అమ్మిన, తిరిగి కొనుటకు రెట్టింపు ధర. మా యమ్మగారు అమ్మవలదనియు, నాయనగారు వాము చూచి చెప్పెదననియు అందురు.

ఈ యేటి రోహిణిలో వాము రొమ్మెత్తు మిగిలినది. పడ్డ కార్తికమున ఈనవలెను. పెద్దగేదెను అమ్మలేదు.