పసిబిడ్డల బొమ్మలును పుస్తకములును

విత్తనములు కొనబోయిన రైతు పదిమంది నడిగి, గింజను అరచేత బోసి చూచి, నిరుటి పంట యెట్లుండెనో విచారించి గాని రూకలు చెల్లింపడు. ఎడ్లను కొనువాడు పండ్లను లెక్కించును, సుళ్లను జూచును, నాలుగడుగులు నడిపించి చూచును. ఇంత వివేకము గల గృహస్థుడే తన యింటి రెండేండ్ల శిశువునకు ఆటవస్తువు గొనవలసి వచ్చినపుడు, అంగడివాడు చేతికిచ్చినదానిని వెల యొక్కటియే యడిగి తెచ్చుచుండును. పుస్తకముల మాట యంతకంటె శోచనీయము. చదువురాని బిడ్డకు పుస్తకమేల యనువారు కొందఱు. అక్షరములు దిద్దించుటకు దప్ప బిడ్డకు పుస్తకముతో పనిలేదనువారు మఱికొందఱు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములయందును, వాని చుట్టునున్న గ్రామములయందును కలిగినవారి యిండ్లలో సైతము ఈ యలక్ష్యము అరుదు కాదు.

ఇది చిన్న విషయమని త్రోసివేయదగినది కాదు. ఏడాది దాటినది మొదలు మూడేండ్లు నిండువఱకు గల కాలములో శిశువు నడక నేర్చును, మాట నేర్చును, తన చేతిచేత తాను దలచిన పని చేయించుకొన నేర్చును. ఒక్కొక్క మాటతో నారంభించినవాడు మూడవయేట వాక్యములల్లి యింటివారితో వాదమునకు దిగును. ఇంతటి మార్పు ఇంత స్వల్పకాలములో జీవితమున మఱియెన్నడును రాదు. ఆ కాలములో బిడ్డ చేతనున్న వస్తువును, చెవిని బడు మాటయునే వాని తొలి పాఠశాల.

బిడ్డకు నచ్చునదేది?

బిడ్డ సంతోషము వస్తువు వెలను బట్టి యుండదు. ఆ వస్తువుతో తాను చేయగల పనిని బట్టి యుండును. మీట నొక్కగానే పాడి, వెలిగి, తనంత తాను తిరుగు బొమ్మ మొదట బిడ్డను ఆశ్చర్యపఱచును. అంతయు బొమ్మయే చేసినపుడు బిడ్డ చేయదగినదేమియు మిగులదు. కావున కొన్ని దినములకే యది మూలబడును. వంటింటి గిన్నెలు నాలుగిచ్చి చూడుడు. ఒకదానిలో నొకటి యిమిడించును, తీయును, మోగించును, బోర్లించును, తలపై బెట్టుకొని నవ్వును. గరిటెను పదిమార్లు క్రిందవేసి పదిమార్లు తెమ్మనును. అది అల్లరి యని మనము కసరుకొందుము. బిడ్డకది పరీక్ష: వేసిన ప్రతి పర్యాయము పడునా, పడినపుడెల్ల మ్రోగునా, అమ్మ మరల తెచ్చియిచ్చునా యని వాడు లోకనియమములను విచారించుచున్నాడు.

వయస్సును బట్టి యీ విచారణ మారుచుండును. తప్పటడుగుల బిడ్డకు త్రోయుటకును, లాగుటకును, నింపుటకును, ఒలకబోయుటకును వీలగు వస్తువులు ప్రియములు. రెండేండ్ల బిడ్డ ఒకదానిపై నొకటి పేర్చి కూల్చును, మూతలు పెట్టి తీయును, పెద్దవానిని చిన్నవానిని ఏఱును. మూడవయేడు సాగుచుండగా ఊహ మేల్కొనును. లక్కపిడతలలో లేని యన్నము వండి తాతకు వడ్డించును, గుడ్డబొమ్మకు జోల పాడును, చీపురుకట్ట నెక్కి స్వారిచేయును. ఒక వయస్సు వస్తువును మఱియొక వయస్సున నిచ్చినచో బిడ్డ దానిని విసరివేయుట వింత కాదు.

రోము నగరమున 1907 జనవరి 6వ తేదీన శ్రామికుల బిడ్డలకై శిశుగృహమును దెఱచిన మరియా మాంటిసోరీ గమనించిన దిదియే. సొగసైన బొమ్మలను విడిచి బిడ్డలు నీళ్లు పోయుట, తుడుచుట, సర్దుట మొదలగు నిజమైన పనులకే చేయి చాపుటను చూచి యామె తన పద్ధతిని దిద్దుకొనెను. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఇక్కడి యుపాధ్యాయులకు బోధించెను. అంతకు ముందే, 1920లో, భావనగరమున గిజూభాయి బధేకా బాలమందిరమును స్థాపించి యీ దృష్టిని మన దేశపు టింటికి తగినట్లు మలచెను.

గల్ఫు పెట్టెలోని బొమ్మ

ఈ ప్రాంతము నుండి పొట్టకూటికై గల్ఫు దేశములకు బోయిన తండ్రులు పెక్కురు. సెలవుపై వచ్చిన తండ్రి దుబాయి నుండి రిమోటు కారును తెచ్చి బిడ్డ ముందుంచును. బిడ్డ కారును విడిచి, అది వచ్చిన అట్టపెట్టెలో దూరి కూర్చుండును. తండ్రి చిన్నబుచ్చుకొనును. ఇందు బిడ్డ తప్పు లేదు, తండ్రి ప్రేమకు లోపము లేదు. వయస్సు కుదరలేదు, అంతియే. ఆఱేడేండ్ల బాలుని వస్తువును రెండేండ్లవాని ముందుంచితిమి. అట్టపెట్టె యన్ననో, దూరుటకు ఇల్లు, త్రోయుటకు బండి, కొట్టుటకు డప్పు. పెట్టెపై అచ్చువేసిన వయస్సును చదివించుకొని కొన్నచో కష్టార్జితము వ్యర్థము కాదు.

అదే తండ్రికి మఱియొక ఉపాయము గలదు. బిడ్డకు మాటలు వచ్చు కాలమున తండ్రి కంఠము ఫోనులోనుండియే వినవలసిన యిండ్లలో, ఒక బొమ్మల పుస్తకమును ఇంటనుంచి, దాని పుటలను ఫోనున చిత్రము దీయించి తండ్రి కడ నుంచుకొనవచ్చును. తల్లియో నాయనమ్మయో పుట త్రిప్పుచుండగా తండ్రి అక్కడనుండి చెప్పును. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన సూత్రముల ప్రకారము రెండేండ్లు నిండని బిడ్డల ఎదుట తెరయాటలు తగవు. రెండు మొదలు నాలుగేండ్ల వయస్సువారికి దినమునకు గంటకు మించరాదు. కాని ఆప్తుల ముఖము చూచి మాటాడు పిలుపును అమెరికా శిశువైద్యుల సంఘము 2016లోనే ఈ నిషేధము నుండి మినహాయించినది. అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చుట వేఱు, ఫోనులో తండ్రి మాట వినిపించుట వేఱు. మొదటిది నోరు మూయించును. రెండవది నోరు తెఱపించును.

మన ముంగిటి సంపద

వెదకి చూచినచో తగిన వస్తువులు మన చేరువనే కలవు. వేసవిలో ముంజెలు తిన్న పిమ్మట మిగిలిన తాటికాయలకు పుల్ల గ్రుచ్చి బండి చేయుట ఎఱుగని పల్లె లేదు. వడ్రంగి చేసిన మూడు చక్రముల నడకబండి తరతరములుగా మన బిడ్డలకు నడక నేర్పినది. బిడ్డ తన కాళ్లపై తాను నిలిచి దానిని త్రోయును. నేడు దాని స్థానమున, నడుమ గూర్చుండబెట్టి చక్రములపై దొర్లించు ప్లాస్టిక్కు వాకర్లు వచ్చినవి. వానితో మెట్లపైనుండి పడి బిడ్డలు గాయపడుచున్నందున కెనడా దేశము 2004లో వాని విక్రయమును నిషేధించినది. మన వడ్రంగి చేతిపని ఈ విషయమున నాసి కాదు, మిన్న.

కామారెడ్డి ప్రక్కగా నాగపూరునకు బోవు రహదారినే ఉత్తరముగా సాగి గోదావరిని దాటినచో నిర్మల పట్టణము వచ్చును. తేలికయగు పొనికి కఱ్ఱను చెక్కి నకాషీ పనివారు చేయు పండ్లును పక్షులును మృగములును నిజమైనవే యన్న భ్రమ గొల్పును. అవి ముఖ్యముగా చూచి యానందించుటకు చేసినవి. బిడ్డకు చూపి పేర్లు చెప్పుటకు తగినవి గాని, నమలుటకిచ్చునవి కావు. ఆంధ్రప్రదేశమున వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనబట్టి, లక్కలో మొక్కల రంగులు కలిపి పూసి చేయు గిలకలు, బొంగరములు చేతబట్టి యాడుటకు అనుకూలములు. పాతచీరతో అమ్మమ్మ కుట్టిన గుడ్డబొమ్మకు ఏ యంగడి బొమ్మయు సాటిరాదు. దానిని ఉతుకవచ్చును, కౌగిలించుకొనవచ్చును, చినిగినచో మరల కుట్టవచ్చును.

సంతోషము కంటె ముందు చూడవలసినది

ఈ వయస్సు బిడ్డ ప్రతి వస్తువును నోటితో పరీక్షించును. కావున క్షేమమే మొదటి కొలత. మూడేండ్ల లోపు బిడ్డల వస్తువులకు ప్రమాణములు నిర్ణయించినవారు సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పు గల గొట్టమును కొలతగా బెట్టిరి. దానిలో పూర్తిగా ఇమిడిపోవు వస్తువు గొంతున అడ్డుపడగలదు. మన పదిరూపాయల నాణెము వెడల్పు 27 మిల్లీమీటర్లు. దానిని ప్రక్కనుంచి చూచినచో ప్రమాదకరమైన పరిమాణ మెంతయో తెలియగలదు. చింతపిక్కలు, గచ్చకాయలు, గోలీలు మన సంప్రదాయపు ఆటవస్తువులే. కాని యవి అక్కచెల్లెండ్రవి, అన్నలవి, పసిబిడ్డవి కావు. బొమ్మలలోని గుండీవంటి బ్యాటరీని మ్రింగినచో రెండు గంటలలోనే అన్ననాళమును కాల్చగలదు. మరతో బిగించిన మూత లేని బొమ్మను ఇంటికి రానీయరాదు. బీడీలు చుట్టు తల్లుల యిండ్లలో చాటకును బిడ్డ ఆటస్థలమునకును నడుమ దూరముండవలెను. పొగాకు పసివాని కడుపున బడిన విషమే.

2021 జనవరి 1వ తేదీ నుండి పదునాలుగేండ్ల లోపువారి ఆటవస్తువులపై ఐఎస్ఐ ముద్ర యుండవలెనని భారతప్రభుత్వము శాసించినది. తిరునాళ్లలోను వారపు సంతలోను రాసులుగా బోసి యమ్ము వస్తువులపై ఈ ముద్ర కలదేమో చూచి కొనుట మన పని. నమోదైన హస్తకళాకారుల వస్తువులకు ఈ నియమము నుండి మినహాయింపు గలదు. కావున చేతిపని బొమ్మను కొనువాడు తానే పరీక్షకుడు కావలెను: రంగు తడిగుడ్డకు అంటుచున్నదా, అంచులు చేతికి గ్రుచ్చుకొనుచున్నవా, లాగినచో ముక్క యూడివచ్చుచున్నదా, ఆ రంగు దేనితో జేసినది. అడుగువారున్నచో చేయువారును జాగ్రత్తపడుదురు.

చదువురాని బిడ్డకు పుస్తకము

బిడ్డలకు చిత్రముల ద్వారా లోకమును చూపవలెనని 1658లోనే కొమీనియసు అను విద్వాంసుడు బొమ్మల పుస్తకమును ప్రకటించెను. తెలుగున 1945లో 'బాల'యు, 1947లో 'చందమామ'యు వెలసి రెండు మూడు తరముల బాలుర కెనలేని సేవచేసినవి. నేడా రెండును వెలువడుట లేదు. అవి వెలువడిన దినములలోను చదువ నేర్చినవారికే గాని, ఒడిలోని బిడ్డకు ఉద్దేశింపబడినవి కావు. ఆ లోటును తీర్చు ప్రయత్నములు పిమ్మట జరిగినవి. 1957లో నెలకొన్న నేషనల్ బుక్ ట్రస్టు, చెన్నపట్టణపు తూలిక, 2004లో వెలసిన ప్రథమ్ బుక్స్, సికిందరాబాదులోని మంచి పుస్తకము వారు తెలుగున బొమ్మల పుస్తకములను స్వల్ప మూల్యములకు అందించుచున్నారు. సికిందరాబాదు కామారెడ్డికి ఒక్క రైలు ప్రయాణము; దుర్లభమను మాట చెల్లదు.

ఎట్టి పుస్తకము కొనవలెను? దళసరి యట్ట పుటలు గలదై, చిన్నచేతుల కిమిడి, పుట కొక్క పెద్ద చిత్రముండి, మాట తక్కువై లయ గలదై యుండవలెను. బిడ్డ చూచిన బఱ్ఱె, కోడి, చెఱకుబండి, చెఱువు, కొంగ అందుండినచో వాడు వ్రేలు పెట్టి చూపును. చూపినదాని పేరు మనము చెప్పుదుము. మఱునాడు వాడే చెప్పును. భాష యబ్బు మార్గమిదియే. మంచు మనుష్యుని బొమ్మను చూపుట పాపము కాదు గాని, మంజీర యొడ్డున పుట్టిన బిడ్డకు తొలి పుస్తకములో తన యూరు కనబడనిచో, పుస్తకము పరాయివారి సొత్తన్న భావము చిన్ననాడే నాటుకొనును.

ఒకే కథను పదిమార్లు చెప్పుమని బిడ్డ వేధించును. విసుగుకొనరాదు. తరువాత రానున్నది తనకు ముందే తెలియుటలో వానికి గెలుపు కలదు. నడుమ ఒక మాట విడిచి చూడుడు, వాడే యందించును. పుటలు వెనుకనుండి త్రిప్పినను, నమిలినను, సగములో లేచి పోయినను పుస్తకము వ్యర్థమైనదని యెంచరాదు. ఇది పాఠము కాదు, ఒడిలోని ఆట. రెండేండ్లవానిని కూర్చుండబెట్టి ఆంగ్ల వర్ణమాలను అప్పజెప్పించి బంధువుల యెదుట ప్రదర్శించుట వలన ముచ్చట తల్లిదండ్రులకు, బడలిక బిడ్డకు.

ఈ జిల్లాలో మఱియొక విశేషము గలదు. గాంధారి, ఎల్లారెడ్డి ప్రాంతముల తండాలలో బిడ్డ తొలిమాట లంబాడీ. జుక్కలు, మద్నూరు వైపున మరాఠీయు కన్నడమును వినబడును. పట్టణములలో ఉర్దూ కలదు. ఇట్టి యిండ్లకు మాటలు లేని చిత్రపుస్తకము ఉత్తమము. బొమ్మ యొక్కటియే, ఎవరి తల్లి వారి మాటలో కథ చెప్పుకొనును. నిజాము కాలమున తన భాషలో చదువు దొరకక తెలుగుబిడ్డ పడిన పాట్లు పెద్దల వలన విన్నవారము. ఆ కొఱత మఱియొక భాష బిడ్డకు మన చేత కలుగకుండ చూచుట న్యాయము.

పెద్దలు చేయదగినది

తన యింటి బిడ్డకు కొనగలవాడు కొనును. కొనలేని యింటి బిడ్డ మాట యేమి? అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2 నుండి దేశమున నడచుచున్నవి. పుట్టినది మొదలు మూడేండ్లవఱకు బిడ్డలతో ఆటపాటల ద్వారా మెలగు తీరును సూచించు 'నవచేతన' ప్రణాళికను కేంద్రప్రభుత్వము 2024లో వెలువరించినది. కాగితముపై నున్న ప్రణాళికకు చేతిలోని వస్తువు తోడుకావలెను. ఊరి వడ్రంగిచే నునుపుజేయించిన కఱ్ఱదిమ్మెలు ఒక బుట్టెడు, గుడ్డబొమ్మలు నాలుగు, బొమ్మల పుస్తకములు ఇరువది: పెండ్లిలో బాణసంచాకగు వ్యయములో కొంత చాలును. ఇంటికి ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకమును చెల్లించుచున్నాము. పట్టణ గ్రంథాలయములో నేలకు దగ్గఱగా ఒక అర, దాని ముందు ఒక చాప, పసిబిడ్డలకై యేర్పఱుపుమని యడుగుటకు మనకు హక్కు గలదు. పత్రికలు చదువుటకు బోవు తాత మనుమని చంకనెత్తుకొని పోవు దినము వచ్చినచో గ్రంథాలయమునకు నూఱేండ్ల ఆయువు పోసినట్లే.

చెఱకు నాటిన రైతు గడ ఎదుగువఱకు నీటి తడులు తప్పనీయడు. ఇంట మొలచిన మొక్కకు కావలసిన తడి దినమున కొక పావుగంట, ఒక చవుక బొమ్మ, ఒక చిన్న పుస్తకము, వానితో పాటు నేల గూర్చుండు ఒక పెద్ద మనిషి. మొదటి మూడును సులభముగనే దొరకును. నాలుగవది మన చేతిలోని పని.