ఎవరి కొరకీ ఏకాంతము?

రోగము మనుష్యుని మంచమునకు కట్టివేయును. రోగభయము గదికి కట్టివేయును. మొదటిదానికి వైద్యుడు మందు వ్రాసి యిచ్చును. రెండవదానికి మందు వ్రాయువారు అరుదు. తలుపు మూసిన గదిలో గడియారపు చప్పుడు పెద్దదగును. చిన్న దగ్గు సైతము గుండె ఝల్లుమనిపించును. ఈ బాధ క్రొత్తది కాదు. మానవుడు దానిని ఓర్చుకొనిన తీరును క్రొత్తది కాదు.

‘క్వారంటైన్’ అను మాట పుట్టుకలోనే ఒక ఓదార్పు కలదు. నేడు క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ అని పిలువబడు రగూసా నగరము, ప్లేగు సోకిన ప్రాంతములనుండి వచ్చువారు 30 దినములు వెలుపలనే యుండవలెనని 1377లో శాసించెను. కాలక్రమమున ఆ గడువు 40 దినములైనది. వెనీసువారి భాషలో నలువదిని తెలుపు పదమునుండియే ఈ మాట పుట్టినది. అనగా దాని మూలార్థము చెర కాదు; లెక్క. తలుపు ఏనాడు తెరచుకొనునో ఎరిగినవాడు దినములను వ్రేళ్లపై లెక్కించుకొనుచు బ్రతుకగలడు. ఎరుగనివానికి ఒక్క వారమే యుగమగును.

మరి గడువు తెలియని వేళ మనుష్యుని నిలబెట్టునదేమి? ఇంగ్లండులోని డెర్బీషైరునందలి ఈమ్ అను చిన్న గ్రామము కథ ఇందుకు కొంత సమాధానము చెప్పును. 1665లో లండనునుండి ఒక దర్జీ యింటికి చేరిన గుడ్డల మూటతో ప్లేగు ఆ యూరిలో అడుగిడినదని చెప్పుదురు. మరుసటి వేసవిలో చావులు పెరుగగా, మతగురువు విలియం మాంపెసన్, ఆయనకు పూర్వము ఆ పదవిలో నుండిన థామస్ స్టాన్లీ కలిసి గ్రామస్థులను ఒక్కటే కోరిరి: ఎవరును ఊరు విడిచి పోరాదు, పోయినచో రోగము చుట్టుప్రక్కల గ్రామములకు ప్రాకును. ఊరివారు ఒప్పుకొనిరి. పొరుగువారు పొలిమేర రాతికడ ఆహారము ఉంచిపోవుచుండిరి. ఊరివారు ఆ రాతి గుంటలలో వెనిగరు పోసి, అందు నాణెములు వేసి వెల చెల్లించుచుండిరి. చర్చి తలుపులు మూసి, సమీపమునందలి లోయలో కుటుంబమునకు కుటుంబము ఎడముగా నిలిచి ప్రార్థన చేసిరి. శరీరములు దూరమైనవి, కలయిక మానలేదు.

ఇందుకు వారు చెల్లించిన మూల్యము మిక్కిలి పెద్దది. రోగము అణగునప్పటికి సుమారు 260 మంది మరణించిరి. ఎలిజబెత్ హాంకాక్ అను తల్లి 1666 ఆగస్టులో, 8 దినముల వ్యవధిలో, భర్తను, ఆరుగురు బిడ్డలను స్వహస్తములతో పూడ్చిపెట్టుకొన్నది. తన బిడ్డలను ముందుగనే దూరమునకు పంపివేసిన మాంపెసన్ సైతము ఆ నెలలోనే భార్య కేథరినును పోగొట్టుకొనెను. కొందరు కలవారు ముందే ఊరు విడిచిరి. పోవుటకు తావులేని పేదలు మిగిలిరి. కనుక దీనిని వీరగాథగా మాత్రమే చెప్పుట న్యాయము కాదు. అయినను తమ ఒంటరితనము పొరుగూరి బిడ్డకు రక్షయగునన్న ఎరుక లేనిదే అంతటి దుఃఖమును ఒక ఊరు మోయుట కష్టము.

2020లో కరోనా ప్రపంచమును గదులలోనికి నెట్టినపుడు శాస్త్రజ్ఞులును ఈ విషయమునే పరిశీలించిరి. లండనులోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు 24 అధ్యయనములను సమీక్షించి, లాన్సెట్ పత్రికలో తమ నిర్ణయములను ప్రకటించిరి. గడువు సాగుట, రోగభయము, విసుగు, సరకుల కొరత, సమాచారలోపము, ధననష్టము, లోకుల చిన్నచూపు—ఇవి మనస్సును క్రుంగదీయును. కారణమును, గడువును స్పష్టముగా చెప్పుట, అవసరములు తీర్చుట, పరులకు మేలు చేయుచున్నామన్న భావమును బలపరచుట మేలు చేయునని వారనిరి.

ఆ సంవత్సరము మార్చిలో తెలుగునాట అనేక గ్రామములు పొలిమేరలలో ముళ్లకంపలు అడ్డము వేసికొనినవి. ఈమ్ గ్రామము గీచుకొన్న హద్దు తనను లోపల ఉంచుకొనుటకు. ఇచ్చటి కంప పరులను వెలుపల ఉంచుటకు. ప్రాణభీతితో చేసిన పనిని నిందింపనక్కరలేదు. కాని కంపకు ఆవల నిలిచిన వలసకూలీ, ఇరుగుపొరుగు మొగము చాటుచేసిన రోగి, తాము పరుల మేలుకొరకు ఎడముగా నున్నామని తలపరు. పరులు తమను వెలివేసిరని తలతురు. ఎడమును ఓర్చుకొనవచ్చును. వెలి మాత్రము రోగము తగ్గిన పిదపను మానని గాయము.

కనుక గదిలో నున్నవాడు తన దినమునకొక క్రమము ఏర్పరచుకొనవలెను: వేళకు నిద్ర, వేళకు భోజనము, చేతికొక పని. వార్తలను దినమునకు ఒకటి రెండు మారులకు మించి వినకుండుట మంచిది. నిత్యము ఒక ఆత్మీయునితో మాటలాడవలెను. దిగులు హద్దుమీరి బ్రతుకుపై విరక్తి కలిగినచో సహాయము కోరుటకు సిగ్గుపడరాదు. భారతప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి-మానస్ సేవ 14416 అను సంఖ్యపై లభించును.

గది వెలుపలివారి బాధ్యత ఇంతకన్న తక్కువ కాదు. గుమ్మము కడ అన్నపు క్యారియరు పెట్టి వెంటనే మరలిపోరాదు. నాలుగడుగులు వెనుకకు జరిగి, లోపలివారిని పేరుపెట్టి పిలిచి, బదులు వినువరకు నిలువవలెను.