మీకు తెలుసా? ఇంటి కంప్యూటరే సినిమాను కాపాడింది!

‘టాయ్ స్టోరీ 2’ యానిమేషన్ సినిమా విడుదలైంది 1999లో. అంతకు ముందటి ఏడాది, పని మధ్యలో ఉండగా పిక్సార్ స్టూడియోలో ఎవరో ఒక తప్పు కమాండ్ ఇచ్చారు. చూస్తుండగానే సినిమాలోని ప్రధాన పాత్ర వుడీ టోపీ, బూట్లు, ఆఖరికి వుడీ కూడా సర్వర్లోంచి మాయం! బ్యాకప్ ఉందిగా అని తీసి చూస్తే, అది దాదాపు నెల రోజులుగా సరిగ్గా పనిచేయడమే లేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సస్మన్ అప్పటికి పసిబిడ్డ తల్లి. ఇంటి నుంచి పనిచేసుకోవడానికి సినిమా ఫైళ్లను ఇంట్లో కంప్యూటర్లోనూ ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారులో పెట్టుకుని పదిలంగా స్టూడియోకు చేర్చారు.

ఆ కాపీ పనికొచ్చింది వేరే చోట ఉండబట్టే. దక్షిణ కొరియాకు ఆ అదృష్టం లేదు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. బయట ఎక్కడా కాపీ లేదు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇందుకే. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి మాత్రం ఇంటి బయట. 2024లో బుడమేరు విజయవాడను ముంచినప్పటిలా కింది అంతస్తులోకి నీళ్లొస్తే, బల్లమీది కంప్యూటరూ పక్కన సొరుగులోని హార్డ్ డిస్కూ రెండూ నానిపోతాయి. ఊళ్లో అన్నయ్య ఇంట్లో ఒక డిస్క్ ఉంచినా చాలు, క్లౌడ్ అయినా సరే. ఇంట్లోని డిస్క్‌ను మాత్రం కాపీ అవగానే పీకేయండి. తగిలించే ఉంచితే, డబ్బు కోసం ఫైళ్లను బంధించే ర్యాన్‌సమ్‌వేర్ దానికీ తాళం వేసేస్తుంది.

ఫోన్ ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయిగా అంటారా? బ్యాకప్ అయిన ఫొటోను యాప్‌లో చెరిపితే క్లౌడ్‌లోనూ చెరుగుతుంది. చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, అంతే.

మార్చి 31 ప్రపంచ బ్యాకప్ దినం. అందాకా ఆగకండి. ఈ ఆదివారమే ఇంట్లోని బ్యాకప్ హార్డ్ డిస్క్ తగిలించి, పాత పెళ్లి ఫొటో ఒకటి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే, కంప్యూటర్ బాగున్నప్పుడే ఇంకో కాపీ తీసుకోండి.