టీవీ వెనక చూశాకే సౌండ్‌బార్

హీరోయిన్ మెల్లగా మాట్లాడితే వాల్యూమ్ పెంచాలి. వెంటనే ఫైట్ మొదలైతే, పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టకముందే తగ్గించాలి. కొత్త టీవీ కొన్న చాలా ఇళ్లలో ఇదే తంతు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది, మాట మాత్రం వినపడదు.

ఎందుకంటే పలచటి టీవీలో పెద్ద స్పీకర్లకు చోటుండదు. ఉన్న చిన్నవి కూడా చాలా మోడళ్లలో కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. పైగా 5.1 (ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్) సౌండ్‌తో వచ్చే సినిమాల్లో డైలాగులు ఎక్కువగా మధ్య స్పీకరు కోసం మిక్స్ చేసి ఉంటాయి. అదంతా రెండు స్పీకర్లలోకి కుదించినప్పుడు మాట సంగీతంలో కలిసిపోతుంది. అందుకే కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేసి చూడాలి. టీవీ సెట్టింగ్స్‌లో క్లియర్ వాయిస్, నైట్ మోడ్ లాంటివి ఆన్ చేయడం, ఓటీటీ యాప్‌లో వీలుంటే 5.1 బదులు స్టీరియో ఆడియో ఎంచుకోవడం. కొందరికి దీంతోనే పని అయిపోతుంది.

కాకపోతే తర్వాత చూడాల్సింది టీవీ వెనక భాగం. అక్కడి హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని పక్కన ‘ఏఆర్‌సీ’ అనో ‘ఈఏఆర్‌సీ’ అనో రాసి ఉంటుంది. 2009లో ఏఆర్‌సీగా మొదలైన ఈ సదుపాయంతో టీవీలోని శబ్దం అదే కేబుల్ గుండా సౌండ్‌బార్‌కు వెళ్తుంది. సాధారణంగా టీవీ రిమోటే వాల్యూమ్‌కూ సరిపోతుంది. ఏఆర్‌సీ పోర్టు లేకపోతే ఆప్టికల్ కేబుల్ ఉంది. డాల్బీ డిజిటల్ 5.1 దాని మీద వస్తుంది కానీ, పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ రాదు.

సౌండ్‌బార్‌ను బ్లూటూత్‌తో కలిపితే గేమ్ ఆడేవాళ్లకు చిక్కు. శబ్దం 0.2 సెకన్లు ఆలస్యమైందనుకుందాం. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో అప్పటికి 12 ఫ్రేములు దాటిపోతాయి. తుపాకి పేలాక మోత వినిపిస్తుంది. సినిమాకైతే బొమ్మను కాస్త ఆపి శబ్దంతో కలపొచ్చు, గేమ్‌లో ఆ వీలు లేదు.

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గేమ్ కన్సోళ్లకు ఆప్టికల్ పోర్టు లేదు. కన్సోల్‌ను టీవీకి, టీవీని ఏఆర్‌సీ ద్వారా సౌండ్‌బార్‌కు కలపడం తేలిక. ఒంటరిగా ఆడే కుర్రాడికైతే అదీ అక్కర్లేదు. పీఎస్5 కంట్రోలర్‌కు ఉన్న 3.5 మి.మీ. జాక్‌లో మామూలు వైరు ఇయర్‌ఫోన్ పెట్టినా ఆ కన్సోల్ 3డీ ఆడియో పనిచేస్తుంది. శత్రువు అడుగుల చప్పుడు కుడినుంచో ఎడమనుంచో తెలిసిపోతుంది. ఇంట్లో వాళ్ల నిద్రా చెడదు.

ఇక అట్ట పెట్టె మీది వాట్లు. వేలల్లో కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ) అంకెను పట్టించుకోనక్కర్లేదు, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) ఎంతో అడగాలి. ఎడిఫైయర్ ఆర్1280టీ జత స్పీకర్లు 42 వాట్ల ఆర్‌ఎంఎస్‌వే. మామూలు హాలుకు అవి చాలు. అయితే వాటికి హెచ్‌డీఎంఐ లేదు, టీవీకి హెడ్‌ఫోన్ జాక్ లాంటి అనలాగ్ అవుట్‌పుట్ ఉండాలి. పాటలు ఎక్కువగా వినే ఇంటికి ఇలాంటి జత మేలు. ఒకటే బార్, ఒకటే ఊఫర్ చాలనుకుంటే జెబ్రానిక్స్, బోట్, హైదరాబాద్ కంపెనీ మివి వంటివి తక్కువ ధరలో 2.1 బార్లు అమ్ముతున్నాయి.

సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ లాంటి 5.1 సెట్లలో వెనక స్పీకర్లకు వైరు లాగాలి. అవి కూర్చున్నవాళ్లకు పక్కగా, కాస్త వెనగ్గా ఉండాలి. సోఫా గోడకు ఆనుకుని, ఒకపక్క వంటింటి దారి ఉన్న హాల్లో వాటికి చోటే దొరకదు. అలాంటి చోట 2.1తో సరిపెట్టుకోవడమే లాభం.

షాపులో సాధారణంగా బేస్ దద్దరిల్లే పాటే వినిపిస్తారు. వార్తలు పెట్టమని అడగండి, మాట స్పష్టంగా ఉందో లేదో ఇట్టే తేలిపోతుంది. ఇంటికి తెచ్చాక ఊఫర్‌ను మూలన పెడితే బేస్ పెరుగుతుంది. కింది ఫ్లాట్ నుంచి ఫోనొస్తే గోడకు అడుగు దూరం జరిపి, ఊఫర్ లెవెల్ రెండు మెట్లు తగ్గించి చూడండి.